రాజుల కోట గురించి రాసారు సరే, మా మిల్లు పేట సంగతేటి?

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

పైడితల్లమ్మ సిరిమాను పండక్కి మీ జిల్లా ఎడిషన్లో విజయనగరం చరిత్ర అని స్పెషల్ పేజీలు వేసారు కదా, అవి మొదట్నుంచి చివరి దాకా చదివాను, కటింగులు కూడా తీసి దాచుకున్నాను. 1713లో కోట కట్టడం దగ్గర్నుంచి 1757 బొబ్బిలి యుద్ధం, పైడితల్లమ్మ కథ, 1919లో పెట్టిన సంగీత కళాశాల, అక్కడ ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పడం, ఘంటసాల గారు వచ్చి చదువుకోడం, కోడి రామ్మూర్తి గారి బలం, అన్నీ ఉన్నాయి. బాగా రాసారు, కాదనను. కానీ ఆఖరి పేజీ తిప్పేసాక నాకొకటే డౌటు. ఈ ఊర్లోను, చుట్టుపక్కలా గోనె సంచులు తయారుచేసే జ్యూట్ మిల్లులు ఉండేవని, వాటి మీద వేల కుటుంబాలు బతికాయని ఒక్క లైనైనా లేదేటండి? మా అయ్య బతికుంటే "మనం ఊర్లో ఉన్నామా లేమా" అని అడిగుండేవాడు.

నేను ఆ మిల్లు పేటల్లో ఒకదాంట్లో పుట్టి పెరిగినవాడిని. పేట పేరు రాయను, మిల్లు పేరూ రాయను, ఎందుకంటే బకాయిల గొడవలు తేలని వాళ్ళు ఇంకా ఉన్నారు, నా ఉత్తరం వల్ల వాళ్ళకి లేనిపోని తలనొప్పి రాకూడదు. పేరు లేకపోయినా మా ఊరి వాళ్ళకి అర్థమైపోద్ది లెండి.

మా లైన్లు అంటే ఎదురెదురుగా పెంకుటిళ్ళు, ఒక గది, ఒక వంటిల్లు, ముందు అరుగు అంతే. మధ్యలో తోవ ఎంత సన్నం అంటే ఒకళ్ళ అరుగు మీద కూర్చుని ఎదురింటి వాళ్ళ కూర ఏటో చెప్పేయొచ్చు. గజపతినగరం వైపు వాళ్ళు, చీపురుపల్లి వాళ్ళు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వాళ్ళు, అందరూ పొలం పనుల్లేకో, అప్పులయ్యో మిల్లుకి వచ్చి పడినవాళ్ళే. లైనంతా వరసలు కలిపేసుకునేవారు. మా అమ్మకి పక్కింటావిడ అప్ప, కాబట్టి నాకు పెద్దమ్మ, ఎదురింటాయన బావ, మూల ఇంటాయన మామ, నాకు పదేళ్ళొచ్చే దాకా వీళ్ళంతా నిజంగానే మా చుట్టాలనుకునేవాడిని.

మా ఇంట్లో గడియారం లేదు. ఎవరింట్లోనూ పెద్దగా ఉండేది కాదు, అవసరం లేదు కూడా. మిల్లు కూత ఉండేది. పొద్దున్న ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది, మూడు షిఫ్టులకి మూడు కూతలు, ప్రతి దానికీ ముందు ఇంకో చిన్న కూత, లేచి బయల్దేరండని. మా అమ్మ అన్నం వార్చడం కూతని బట్టే, మేము బడికెళ్ళడం కూతని బట్టే. చిన్న కూత వినపడితే లైన్లో అన్ని తలుపులూ ఒకేసారి తెరుచుకునేవి. "ఒరే గుంటడా, బేగి ఆ కేరేజీ ఇలగ తే, కూత ఏసేసినాడు" అని మా అమ్మ అరుపు, నేను పరిగెట్టడం. రాత్రి పదికి ఎక్కే సి షిఫ్ట్ వాళ్ళు పగలు పడుకుంటారు కాబట్టి మధ్యాహ్నం పూట లైన్లో గోలీలాడినా నోరెత్తకూడదు, ఎత్తితే ఎవరో ఒక మామ లుంగీ ఎగ్గట్టుకుని బయటికొచ్చి వీపు చీరేసేవాడు. మేం సైలెంటుగా గొడవలు పడ్డం అప్పుడే నేర్చుకున్నాం.

మా అయ్య లూమ్ షెడ్డులో పని, అంటే గోనె గుడ్డ నేసే మగ్గాల షెడ్డు. మీలో ఎవరైనా జ్యూట్ లూమ్ షెడ్డులోకి వెళ్ళారో లేదో తెలీదు, ఆ సౌండు చెప్తే అర్థం కాదు, పక్కనున్న మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడ పనిచేసే వాళ్ళంతా చేతుల్తో మాట్లాడుకునేవారు. మీసం తిప్పినట్టు చేస్తే సూపర్‌వైజర్ వస్తన్నాడని. రెండు వేళ్ళు పెదాల మీద పెడితే బీడీకి పోదాం రమ్మని. చూపుడు వేలు గిర్రున తిప్పి కిందకి దింపితే దారం తెగింది చూసుకో అని. పొట్ట మీద చెయ్యి రాసుకుని తల అడ్డంగా ఊపితే ఇంటి దగ్గర్నుంచి కేరేజీ రాలేదని. ఇవి నాకు తెలిసినవి కొన్నే, ఎవరికెవరితో సంబంధం, ఎవరికి అప్పు ఎంత, కూతురు పెళ్ళి ఎప్పుడు, అన్నీ ఆ షెడ్డులో చేతుల్తోనే తేలిపోయేవి, పెదాలు చూసి మాట పట్టేసేవారు. మా అయ్యకి చెవులు పోయాక ఇంట్లో మా అమ్మ కూడా ఆ సైగలే చేసేది. రాత్రి మాకు వినపడకూడని సంగతులేవన్నా ఉంటే దీపం దగ్గర కూర్చుని ఇద్దరూ చేతుల్తో మాట్లాడుకునేవారు. మేం దుప్పట్లోంచి దొంగచూపులు చూసి సగం అర్థం చేసుకునేవాళ్ళం. డబ్బుల గురించైతే మా అమ్మ చేతులు స్పీడు పెరిగేవి.

షిఫ్ట్ దిగొస్తే మా అయ్య కనుబొమ్మలు, చెవుల మీద వెంట్రుకలు, ముక్కు చివర అన్నీ నార నుసితో తెల్లగా ఉండేవి. పనిలోకి వచ్చే నార బేళ్ళని ముందు నూనె, నీళ్ళు కలిపింది జల్లి మెత్తబెడతారు, అదే బ్యాచింగు, తర్వాత నార దువ్వే కార్డింగు, సాగదీసే డ్రాయింగు, దారం వడికే స్పిన్నింగు, అప్పుడు లూములు. ఏ ఖాతాలో, అంటే ఏ డిపార్ట్‌మెంటులో చేసే వాళ్ళకి ఆ వాసన. బ్యాచింగు మామ వస్తే నూనె వాసన ముందొచ్చేది, మనిషి తర్వాత వచ్చేవాడు. కార్డింగు వాళ్ళకి దగ్గు. ఆ దగ్గు గురించి అప్పుడెవరూ పెద్దగా పట్టించుకోలేదు, బెల్లం ముక్క తినమనేవారు, ధూళికి బెల్లం మందని నమ్మకం. యాభై దాటకుండా పోయినవాళ్ళని తల్చుకుంటే ఆ బెల్లం ముక్కలే గుర్తొస్తాయి నాకు. వేలు పోయిన మామలు కూడా ఉండేవారు, వాళ్ళని మేం పిల్లలం ఆ పేరు పెట్టే పిలిచేవాళ్ళం, ఏం చేస్తాం, అప్పుడు అది తప్పని ఎవరూ చెప్పలేదు.

బదిలీ వాళ్ళ సంగతి చెప్పాలి. పర్మినెంట్ వాళ్ళకి నాగా పడితేనే వీళ్ళకి పని. షిఫ్ట్ మొదలయ్యే ముందు గేటు దగ్గర నిలబడతారు, లోపల్నుంచి గుమస్తా వచ్చి పేర్లు పిలుస్తాడు, పిలిచినోడు లోపలికి, పిలవనోడు ఇంటికి. మా పెద్దమ్మ కొడుకు అలాగ ఏళ్ళకేళ్ళు నిలబడ్డాడు. పని దొరకలేదంటే తిన్నగా ఇంటికి రాడు, సిగ్గు, అయ్యకోనేరు చెరువు గట్టు మీద కూర్చుని ఆ షిఫ్ట్ టైము అయ్యాక వచ్చేవాడు. పెద్దమ్మకి తెలుసు, ఒంటి మీద నుసి లేదు కదా. అయినా ఏటీ అనకుండా అన్నం పెట్టేది.

జీతం రోజు గేటు దగ్గర ఒక తిరనాళ్ళే. వడ్డీ వాళ్ళు ఒక పక్క సైకిళ్ళు ఆనించుకుని, జీళ్ళు, జంతికలు, పకోడీల బళ్ళు ఒక పక్క, సారా కొట్టుకి పోయే తోవలో ఆడవాళ్ళు ఒక పక్క. అవునండి, మా అమ్మలు మొగుళ్ళ కోసం ఆ తోవలోనే కాపు కాసేవారు, డబ్బులు ముందు చేతిలో పడితే తర్వాత ఎటు పోయినా పర్లేదని. మా అమ్మ కొంగున కట్టుకున్న ఆ నోట్లు ఇంటికెళ్ళే లోపే సగం అయిపోయేవి, కిరాణా కొట్టు ఖాతా, పాలావిడ, చీటీ. మిగిలిన దాంట్లోంచి మాకు జీళ్ళ పొట్లం. ఆ రాత్రి మాత్రం చేపల కూర, అదీ పచ్చి చేపలు. మిగతా రోజుల్లో ఎండు చేపలే, సముద్రం వైపు నుంచి తట్టలు నెత్తినెట్టుకుని వచ్చేవారు అమ్మేవాళ్ళు, చోడి అంబలిలోకి ఒక ఎండు చేప కాల్చుకుని పచ్చి ఉల్లిపాయతో నంజుకుంటే పొద్దున్న పూట గడిచిపోయేది. ఇప్పుడదే రాగి అంబలి అని హైదరాబాద్‌లో గ్లాసు లెక్కన అమ్ముతున్నారు, మా మనవరాలు హెల్తీ అని తాగుతోంది, నాకు నవ్వొస్తుంది.

గోగునార లేకపోతే ఈ మిల్లుల్లేవు. మన విజయనగరం, శ్రీకాకుళం రైతులు గోగు బాగా వేసేవారు. వానల ముందు చల్లి, దసరాకి అటూ ఇటూ కోసి, కట్టలు కట్టి చెరువుల్లో రాళ్ళు, మట్టి బరువులు పెట్టి ముంచేవారు. రెండు మూడు వారాలు నానితే అప్పుడు బెరడు వదిలి నార వస్తుంది. ఆ కంపు ఎరిగినవాడు జన్మలో మర్చిపోడు. మైలు దూరం కొట్టేది. చెరువు నీళ్ళు నల్లగా అయిపోయి చేపలు తేలిపోయేవి. నడుము లోతు ఆ నీళ్ళలో నిలబడి నార ఒలిచే వాళ్ళ కాళ్ళు చూసారా ఎప్పుడైనా? వేళ్ళ మధ్య ఒరిసిపోయి తెల్లగా నానిపోయి ఉండేవి. మిల్లు కూలీ ఎంత కష్టమో అంతకు ముందు ఆ కష్టం ఉంది. మాకు సెలవులకి అమ్మమ్మ గారి ఊరెళ్తే ఆ చెరువు గట్టు మీద ఆరబెట్టిన గోగు పుల్లలు దొరికేవి, తేలిగ్గా బెండులాగ ఉంటాయి, వాటితో కత్తులు, విల్లంబులు చేసి యుద్ధాలాడేవాళ్ళం, అమ్మమ్మ మిగతావి పొయ్యిలో పెట్టేది. లేత గోగు ఆకు కూర ఇంట్లోకి, ముదిరితే నార మిల్లుకి, పుల్ల పొయ్యిలోకి, ఏదీ పారేసింది లేదు.

ఇంక పండగ. మీ పేజీల్లో సిరిమాను ఎత్తు, దాని ముందు నడిచే పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం అన్నీ రాసారు. కానీ మా పేటలో సిరిమాను అంటే ముందు బోనస్ అండి. దసరా ముందు బోనస్ తేలితే పండగ, తేలకపోతే గేటు మీటింగు. నేను బడిలో దశాంశాలు నేర్చుకోక ముందే నాకు ఎనిమిది పాయింటు ముప్పై మూడు అన్న నంబరు నోటికొచ్చు. 1965 బోనస్ చట్టం కింద అది కనీస బోనస్ శాతం అని తర్వాత తెలిసింది, అప్పటికి మాత్రం అది మా కొత్త చొక్కా. యూనియన్ మామ అరుగు మీద నిలబడి "ఎనిమిది పాయింటు ముప్పై మూడుకి పైసా తగ్గితే కుదరదు" అంటే పిల్లలం చప్పట్లు కొట్టేవాళ్ళం, మాకేటో మహా తెలిసినట్టు. మా లెక్కల మాస్టారు పాయింటు తర్వాత అంకెలు ఎందుకుంటాయిరా అనడిగితే ఒక గుంట లేచి "బోనస్ కోసం సార్" అంది. ఆవిడ ఇప్పుడు అమ్మమ్మ అయిపోయింది, కనిపిస్తే ఇప్పటికీ ఏడిపిస్తాను.

సిరిమానుకి ముందు రోజు, తోలేళ్ళ రాత్రికే ఊళ్ళ నుంచి చుట్టాలు దిగిపోయేవారు. ఒక గదిలో పదిహేను మంది, అరుగుల మీద, తోవలో చాపలు. మంగళవారం మధ్యాహ్నం మా అయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని మూడు లాంతర్ల సెంటర్ వైపు తీసుకెళ్ళేవాడు, సిరిమాను అనే ఆ చింత మాను చివర పూజారి కూర్చుని గాల్లో ఊగుతూ కోట దాకా వెళ్ళి వస్తుంటే జనం అరటిపళ్ళు విసిరేవారు, మా అయ్య చేతులు రెండూ ఎత్తి దణ్ణం పెట్టేసేవాడు, నన్ను పట్టుకున్న సంగతి మర్చిపోయి. నేను ఆయన జుట్టు పట్టుకుని వేలాడేవాడిని. రాత్రికి పేటలో తప్పెటగుళ్ళు. మిల్లులో చేసే గొల్ల మామలే గుండెకి తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టి తెల్లవార్లూ గెంతేవారు. పొద్దున్న ఆరుకి మళ్ళీ ఎ షిఫ్ట్. ఎలా చేసేవారో నాకు ఇప్పటికీ తెలీదు.

అన్నీ తీపి జ్ఞాపకాలే అని మాత్రం రాయొద్దు ఎవరూ. ఇప్పుడు ఫోన్లలో పాత రోజులు బంగారం అని ఒకటే ఫార్వర్డులు వస్తుంటాయి, నాకు ఒళ్ళు మండుద్ది. కొళాయి ఒకటే, లైనంతా బిందెలు, జుట్లు పట్టుకుని కొట్టుకునేవారు. మురుగు కాలువ గుమ్మం ముందే. తాగొచ్చి పెళ్ళాల్ని కొట్టేవాళ్ళు ఉన్నారు, అందరూ చూస్తూ ఊరుకున్నారు. లాకౌట్ పడితే, అంటే యాజమాన్యం మిల్లుకి తాళం వేస్తే, ఇంట్లో ఇత్తడి సామాన్లు ఒక్కొక్కటీ మాయమయ్యేవి. ముందు గంగాళం, తర్వాత బిందె, ఆఖరికి మా అమ్మ పెళ్ళి నాటి చెంబు. కుదువ కొట్టువాడికి మా ఇంటి సామాను మా కన్నా బాగా తెలుసు. కొన్ని కుటుంబాలు ఊళ్ళకి పోయి మళ్ళీ రాలేదు, నాతో చదివే వాడొకడు అలా పోయినవాడే, వాడి పలక మా ఇంట్లో ఉండిపోయింది.

1987లో తిండిగింజలకి, పంచదారకి గోనె సంచులే వాడాలని కేంద్రం చట్టం తెచ్చింది, అప్పుడు మా పేటలో లడ్డూలు పంచారు కూడా, ఇంక మిల్లులకి ఢోకా లేదని. చట్టం ఉంది, కానీ మినహాయింపులూ ఉన్నాయి, సిమెంటు, ఎరువులు అన్నీ ప్లాస్టిక్ సంచుల్లోకి పోయాయి, గోగు వేసే రైతులు తగ్గిపోయారు, మిల్లులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. 1994లో నెల్లిమర్లలో పోలీసు కాల్పుల్లో మిల్లు కార్మికులు చనిపోయారు, అప్పుడు పేపర్లన్నీ రాసాయి. ఆ తర్వాత మిల్లు వాళ్ళు వార్తల్లోకొచ్చేది తాళం వేసినప్పుడే, తాళం తీసినప్పుడే. మధ్యలో వాళ్ళేం తిన్నారు, పిల్లల్ని ఎలా చదివించారు అన్నది ఎవరికీ పట్టలేదు. మా వాళ్ళు విశాఖపట్నం, హైదరాబాద్ బిల్డింగు పనులకి పోయారు, కొందరు వాచ్‌మెన్లు అయ్యారు. నేను చదువుకుని చిన్న ఉద్యోగం చేసి రిటైరయ్యాను, అది మా అమ్మ గంగాళం చలవ.

ఇంతకీ నేనడిగేది ఏంటంటే, మళ్ళీ ఇలాంటి స్పెషల్ పేజీలు వేసినప్పుడు ఒక్క పేజీ మా పేటలకివ్వండి. మిల్లు తెరిపించమని నేను మిమ్మల్ని అడగట్లేదు, అది మీ చేతిలో లేదు. కోటకి గోడలున్నాయి, సంగీత కళాశాలకి బిల్డింగుంది, మా లైన్లు చాలా వరకు పడగొట్టేసారు, అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. మిగిలింది మనుషులే, వాళ్ళూ డెబ్బై, ఎనభై ఏళ్ళ వాళ్ళు. మీ రిపోర్టరు ఒక కుర్రాణ్ణి ఫోన్ ఇచ్చి పంపండి చాలు. లూమ్ షెడ్డులో చేసిన ముసలాళ్ళు ఇద్దరు ముగ్గుర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఆ చేతి సైగలు వీడియో తీయమనండి. అది ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు, పిల్లలెవరికీ రాదు, నాకే పావు వంతు కూడా రాదు. తప్పెటగుళ్ళకి కళాకారుల గుర్తింపు వచ్చింది, సంతోషం, దీనికి ఎవరు గుర్తింపిస్తారు? అలాగే పాత జీతం చీటీలు, గేటు పాసులు, యూనియన్ కరపత్రాలు ట్రంకు పెట్టెల్లో పడున్నాయి, కొడుకులు ఇల్లు ఖాళీ చేసినప్పుడు పాత పేపర్లోడికి వేసేస్తున్నారు. ఎవరి దగ్గరైనా ఉంటే మీ ఆఫీసుకి ఫొటో తీసి పంపమని ఒక చిన్న ప్రకటన వేయండి. శ్రీకాకుళం వైపు కూడా వేయండి, ఆమదాలవలస సుగర్ ఫ్యాక్టరీ వాళ్ళు, పొందూరు నేత వీధుల వాళ్ళు, పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళు, వాళ్ళ దగ్గరా బోలెడన్ని కథలుంటాయి.

రిపోర్టరు వస్తే సాయంత్రం అయిదు దాటాక రమ్మనండి. పాత గేటు ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర మా వాళ్ళు ఉంటారు. మధ్యాహ్నం వస్తే ఒక్కరూ దొరకరు, సి షిఫ్ట్ అలవాటు పోలేదు, అందరూ పడుకుంటారు. గట్టిగా మాట్లాడమని చెప్పండి, సగం మందికి చెవులు లేవు. ఒక్కళ్ళని అడిగితే నలుగురు చెప్తారు, కొట్టుకుంటారు కూడా, ఏ సంవత్సరం ఏ లాకౌట్ అన్నది ఇంకా తేలలేదు వాళ్ళకి.

ఉత్తరం పెద్దదైపోయింది, మీకు స్థలం తక్కువని తెలుసు, కోయాల్సొస్తే పండగ ముక్క కోసేయండి, అది అందరికీ తెలిసిందే. చేతి సైగల ముక్క మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక లూమ్ షెడ్డు కార్మికుడి కొడుకు,
విజయనగరం